చేతికి రాని ఆటగాడు

క్రీడాభిమానికి కలిగే ఆశాభంగాల్లో ఓటమి వల్ల కలిగేది ఒక రకం, నిరాకరణ వల్ల కలిగేది మరొక రకం. పైకి రెండూ ఒకేలా కనిపించినా వాటి మూలాలు వేరు కాబట్టి వాటిని తట్టుకునే పద్ధతులు కూడా వేరుగానే ఉండాలి. మ్యాచ్ ఓడినప్పుడు ఆట కళ్ల ముందే జరిగింది, చివరి బంతి రింగుకు తగిలి బయటికి పోయింది, స్కోరు బోర్డు మీద అంకెలు నిలిచిపోయాయి, అంటే బాధకు కళ్లారా చూసిన కారణం ఒకటి ఉంది. అమెరికాలోని బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఒక జట్టు కోరుకున్న ఆటగాడు మరో జట్టును ఎంచుకున్నప్పుడు మాత్రం ఆట ఏదీ జరగలేదు, జట్టు దగ్గర ఉన్నదేదీ తగ్గలేదు, అయినా అభిమాని సొంత సొమ్ము పోయినట్టే రగిలిపోతాడు. పోనిదాని కోసం ఇంత బాధ ఎందుకు కలుగుతుంది, కలిగినప్పుడు దానితో ఏం చేయాలి అన్నదే ఈ అధ్యాయం విషయం.

ఒప్పంద కాలం ముగిసి, తనకు నచ్చిన జట్టుతో కొత్త ఒప్పందం కుదుర్చుకునే స్వేచ్ఛ ఉన్న ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. ఈ స్వేచ్ఛ ఆటగాళ్లకు ఊరికే రాలేదు. ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో 1970లో వేసిన దావా 1976లో రాజీతో ముగిసిన తర్వాత గానీ ఆ దారి తెరుచుకోలేదు, పాత జట్టు అడ్డుపడే వీలు ఏమాత్రం లేని పూర్తి స్వేచ్ఛతో జట్టు మారిన తొలి ఆటగాడిగా టామ్ చేంబర్స్ 1988లో సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కు వెళ్లాడు. మరోవైపు ఒక్కో జట్టు జీతాల మీద పెట్టదగిన మొత్తానికి లీగ్ ప్రతి ఏటా ఒక హద్దు గీస్తుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. ఏ ఒక్క ఆటగాడికైనా ఇవ్వగల జీతానికి కూడా గరిష్ఠ పరిమితి ఉంది, ఆటగాడి అనుభవాన్ని బట్టి అది క్యాప్‌లో 25 నుంచి 35 శాతం వరకు ఉంటుంది.

అభిమాని బాధను అర్థం చేసుకోవడానికి ఈ రెండో పరిమితే తాళంచెవి. అగ్రశ్రేణి ఆటగాడికి క్యాప్‌లో ఖాళీ ఉన్న జట్లన్నీ దాదాపు ఒకే మొత్తం ఇవ్వజూపుతాయి గనుక, పాత జట్టు ఒక ఏడాది ఎక్కువ ఇవ్వగలగడం, టెక్సస్, ఫ్లోరిడా వంటి చోట్ల రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం లాంటి తేడాలను పక్కన పెడితే, డబ్బుతో తేలాల్సిన విషయం డబ్బుతో తేలదు. సహచరులు ఎవరు, శిక్షకుడు ఎవరు, వైద్య సిబ్బంది ఎలాంటివారు, యాజమాన్యం మాట మీద నిలబడుతుందా, కుటుంబం ఎక్కడ ఉండాలనుకుంటోంది అన్న వాటితో తేలుతుంది. ఐపీఎల్ వేలానికి అలవాటు పడిన తెలుగు పాఠకుడికి ఇది కొంత వింతగా ఉండవచ్చు. వేలంలో ఎవరు ఎక్కువ పాట పాడితే ఆటగాడు వాళ్లవాడు, అతని ఇష్టంతో పని లేదు. సన్‌రైజర్స్ ఎవరినైనా దక్కించుకోలేకపోతే పర్సు చాలలేదని హైదరాబాద్ అభిమాని సరిపెట్టుకోగలడు. ఎన్‌బీఏ అభిమానికి ఆ సాకు లేదు. సొమ్ము సిద్ధంగా ఉంది, పిలుపు వెళ్లింది, ఆటగాడు అన్నీ చూసి వద్దన్నాడు. అది తన జట్టు మీద, తన ఊరి మీద, చివరికి తన మీద వెలువడిన తీర్పులా వినిపిస్తుంది.

ఈ తీర్పు ఎంత గట్టిగా వినిపించగలదో చెప్పడానికి 2019 నాటి న్యూయార్క్ నిక్స్ ఉదంతాన్ని మించినది దొరకదు. ఆ ఏడాది జనవరి 31న నిక్స్ యాజమాన్యం తన జట్టులోని అతి పెద్ద తార క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను డల్లాస్‌కు ఇచ్చివేసింది. బదులుగా వచ్చినవాటిలో భవిష్యత్తులో ఇద్దరు కొత్త ఆటగాళ్లను తొలి రౌండులో ఎంచుకునే హక్కులు ఉన్నా, అసలు ఉద్దేశం వేసవిలో ఇద్దరు ఫ్రీ ఏజెంట్లకు గరిష్ఠ జీతం ఇవ్వడానికి సరిపడా ఖాళీ సంపాదించడం. ఆ ఇద్దరు ఎవరో ఎవరూ అధికారికంగా చెప్పలేదు, చెప్పనక్కర లేకుండానే అందరికీ తెలుసు: వేరే జట్లలో తారలైన కెవిన్ డ్యురాంట్, కైరీ ఇర్వింగ్. మార్చిలో జట్టు యజమాని జేమ్స్ డోలన్ ఒక రేడియో కార్యక్రమంలో, రాబోయే వేసవి ఎంతో విజయవంతంగా ఉంటుందని తమకు వినిపిస్తున్న మాటలను బట్టి చెప్పగలనన్న ధోరణిలో మాట్లాడాడు. జట్టు ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 17 మాత్రమే గెలిచి లీగ్‌లో అట్టడుగున నిలిచింది, అయినా నగరంలో ఉత్సాహానికి లోటు లేకపోయింది. డ్యురాంట్ పేరుతో నిక్స్ జెర్సీల బొమ్మలు గీసుకున్నవాళ్లు, అయిదుగురి తుది జట్టును కాగితం మీద కూర్చుకున్నవాళ్లు కోకొల్లలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ అయిదు నెలల్లో అభిమానులు సూచనలను చదివిన తీరు గమనించదగినది. డ్యురాంట్ వ్యాపార భాగస్వామి రిచ్ క్లైమన్ న్యూయార్క్‌వాడు, నిక్స్ అభిమాని. డ్యురాంట్‌కు ఆప్తుడైన రాయల్ ఐవీ నిక్స్ సహాయ శిక్షకుల్లో ఒకడు. పోర్జింగిస్ మార్పిడిలో డల్లాస్ నుంచి వచ్చిన డిఆండ్రే జోర్డాన్ కూడా డ్యురాంట్ మిత్రుడే. ఇవన్నీ నిజాలే. అయితే ఇర్వింగ్ న్యూజెర్సీలో పెరిగినవాడనీ, చిన్ననాడు అతను అభిమానించిన జట్టు అప్పట్లో న్యూజెర్సీలోనే ఉండి 2012లో బ్రూక్లిన్‌కు తరలిన నెట్స్ అనీ అన్నవి కూడా అంతే నిజాలు, అవీ అందరికీ తెలిసినవే. ముందే కుదుర్చుకున్న అభిప్రాయానికి అనుకూలమైన ఆధారాలకు బరువు ఎక్కువ వేసి, వ్యతిరేకమైనవాటిని తేలిగ్గా తీసేసే ఈ అలవాటును మనస్తత్వ శాస్త్రం ధ్రువీకరణ పక్షపాతం అంటుంది. జూన్ 10న ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో డ్యురాంట్ కుడి కాలి మడమ పైనున్న ఎకిలీస్ స్నాయువు తెగిపోయి, వచ్చే ఏడాది అంతా అతను ఆడలేకపోవచ్చని తేలిన తర్వాత కూడా ఆశ చల్లారలేదంటే ఆ పక్షపాతం బలం ఎంతో అంచనా వేయవచ్చు.

జూన్ 30 సాయంత్రం న్యూయార్క్ కాలమానం ప్రకారం ఆరు గంటలకు ఫ్రీ ఏజెన్సీ తలుపులు తెరుచుకోవలసి ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ వార్త కోసం మేలుకొని ఉన్నవాడికి అది జూలై 1 తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళకే సంగతి తేటతెల్లమైపోయింది. డ్యురాంట్, ఇర్వింగ్ ఇద్దరూ నది అవతలి బ్రూక్లిన్‌కే వెళ్తున్నారు, జోర్డాన్ కూడా వాళ్ల వెంటే. అదే రాత్రి నిక్స్ అధ్యక్షుడు స్టీవ్ మిల్స్, అభిమానులు కొందరు నిరాశ చెంది ఉండవచ్చని తమకు తెలుసనీ, అయినా తమ ప్రణాళిక మీద తమకు నమ్మకం ఉందనీ ఒక ప్రకటన విడుదల చేశాడు. ఆడని మ్యాచ్‌కు సంతాపం ప్రకటించడం క్రీడల్లో అరుదు.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం మనిషి తన స్థితిని ఉన్నదున్నట్టుగా కొలుచుకోడు. మనసులో ఒక ఆధార బిందువు పెట్టుకొని, దానికి పైనున్నదాన్ని లాభంగా, కిందనున్నదాన్ని నష్టంగా లెక్కిస్తాడు, పైగా సమానమైన లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధే ఎక్కువ. నిక్స్ అభిమాని ఆధార బిందువు ఫిబ్రవరిలోనే జరిగిపోయింది. 17 విజయాల జట్టును పక్కన పెట్టి డ్యురాంట్ ఉన్న ఊహాజట్టు దగ్గర అతను కాపురం పెట్టాడు. జూన్ 30న అతను అక్కడి నుంచి కిందికి చూశాడు కాబట్టే అంతకు ముందు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉన్నా పడిపోయినట్టు అనిపించింది. ఈ అధ్యాయం చెప్పదలచిన ప్రధానమైన మాట ఇదే: చేజారింది ఆటగాడు కాదు, అభిమాని ముందుగానే దఖలు పరచుకున్న ఒక భవిష్యత్తు, కాబట్టి చికిత్స కూడా ఆటగాణ్ణి తిట్టడంతో కాక ఆ దఖలును తిరగదోడడంతో మొదలు కావాలి.

దీనికి ఉపకరించే పద్ధతి ఒకటుంది, అది కాగితం మీద చేసేది. ఫ్రీ ఏజెన్సీ మొదలయ్యే ముందు రోజు అభిమాని తన జట్టు దగ్గర ఆ రోజున నిజంగా ఉన్నవాటిని, అంటే ఒప్పందంలో ఉన్న ఆటగాళ్లను, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు హక్కులను, క్యాప్‌లోని ఖాళీని వరుసగా రాసుకోవాలి; ఆశిస్తున్నవాటిని వేరే కాగితం మీద, ఒక్కోదాని పక్కన అది జరిగే అవకాశం నూటికి ఎంత అని తనకు తోచిన అంకెతో సహా రాసుకోవాలి. 2019 జూన్ 29న ఒక నిక్స్ అభిమాని ఈ పని చేసి ఉంటే మొదటి కాగితం మీద మిచెల్ రాబిన్సన్, కెవిన్ నాక్స్, కొత్తగా వచ్చిన ఆర్‌జే బారెట్, డల్లాస్ ఇచ్చిన రెండు తొలి రౌండు హక్కులు, ఇద్దరు తారలకు సరిపడా క్యాప్ ఖాళీ ఉండేవి. జూలై 1న అదే కాగితం తీసి చూస్తే అందులో ఒక్క అక్షరం కూడా కొట్టేయనక్కర లేదు. కొట్టేయవలసినవన్నీ రెండో కాగితం మీదే ఉన్నాయి.

రెండో కాగితం మీది అంకె వేయడంలో చాలామంది తడబడతారు, ఎందుకంటే ఇష్టమైన ఫలితానికి చిన్న అంకె వేయడానికి చేయి రాదు. ఆ ఏడాది మే నెలలోనే నిక్స్ అభిమానులకు దీని మీద ఒక పాఠం దొరికింది. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే క్రమాన్ని నిర్ణయించే లాటరీలో మొదటి స్థానం నిక్స్‌కు దక్కే అవకాశం 14 శాతమే, అంటే దక్కకపోయే అవకాశం 86 శాతం. అయినా లీగ్‌లో అందరికంటే వెనుకబడిన జట్టు తమదే కాబట్టి ఆ ఏటి కొత్త ఆటగాళ్లలో అందరూ కోరుకున్న జియాన్ విలియమ్‌సన్ తమకే వస్తాడన్నట్టు మాట్లాడుకున్నారు, మూడో స్థానం వచ్చేసరికి మోసపోయామనుకున్నారు. జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నదే జరిగినప్పుడు మోసపోయామనిపిస్తే, లోపం లాటరీలో లేదు.

వార్త వచ్చిన తర్వాతి రెండు రోజుల సంగతి వేరే చెప్పుకోవాలి. ఆ సమయంలో బాధ ఎంతకాలం ఉంటుందన్న అంచనా దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమొతీ విల్సన్ తదితరులు 2000లో ప్రకటించిన అధ్యయనాల్లో ఫుట్‌బాల్ అభిమానులైన విద్యార్థులు తమ జట్టు గెలుపోటములు తమ సంతోషాన్ని చాలా రోజులపాటు శాసిస్తాయని ఊహించారు, నిజానికి అంతకాలం శాసించలేదు. ఆ రోజుల్లో తాము చేయబోయే మిగతా పనులను, అంటే చదువు, భోజనం, స్నేహితులతో గడపడం లాంటివాటిని, ముందుగా రాసుకున్నవారి అంచనాలు మాత్రం అంత అతిగా లేవు. ఒకే సంఘటన మీద చూపు నిలిచిపోయి జీవితంలోని మిగతాదంతా కనపడకుండా పోవడమే ఈ పొరపాటుకు కారణమని వాళ్లు తేల్చారు. అందువల్ల ఆ రాత్రి అభిమాని చేయదగిన అతి సులభమైన పని మరుసటి వారం తను చేయవలసిన పనుల జాబితా రాయడం. వినడానికి ఇది చప్పగా ఉంటుంది. చప్పగా ఉండడమే దాని గుణం.

ఆ రాత్రి చేయకూడని పనికి చరిత్రలోనే ఒక నమూనా ఉంది. 2010 జూలై 8న లెబ్రాన్ జేమ్స్ ఏడేళ్లు ఆడిన క్లీవ్‌లాండ్‌ను విడిచి మయామీ వెళ్తున్నట్టు ఈఎస్‌పీఎన్ ప్రత్యేక కార్యక్రమంలో ప్రకటించాడు; క్లీవ్‌లాండ్ వీధుల్లో అతని జెర్సీలు తగలబెట్టారు. జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ కొద్ది గంటల్లోనే జట్టు వెబ్‌సైటులో ఒక బహిరంగ లేఖ పెట్టి, జేమ్స్‌ది ద్రోహమంటూ విరుచుకుపడి, అతనికంటే ముందే క్లీవ్‌లాండ్ టైటిల్ గెలుస్తుందని పెద్దక్షరాలతో హామీ ఇచ్చాడు. పిల్లల చేతిరాతలా ఉండే కామిక్ శాన్స్ అక్షరాల్లో దాన్ని అచ్చువేయడం వల్ల అది కోపానికే కాక నవ్వులాటకూ గుర్తుగా మిగిలింది. లీగ్ అతనికి లక్ష డాలర్ల జరిమానా విధించింది. జేమ్స్ 2012లోనూ 2013లోనూ మయామీతో టైటిళ్లు గెలిచాడు. లేఖ మాత్రం 2014 దాకా ఆ వెబ్‌సైటులోనే ఉండి, జేమ్స్ తిరిగి రావచ్చన్న కబురు గుప్పుమన్న రోజుల్లో మాయమైంది. కోట్లకు అధిపతి అయిన యజమానికే అర్ధరాత్రి రాసిన మాటలు నాలుగేళ్లు మెడకు చుట్టుకున్నప్పుడు, సామాన్య అభిమాని ఫోను పక్కన పెట్టి నిద్రపోవడంలో చిన్నతనమేమీ లేదు. చెప్పాలనిపించిందంతా కాగితం మీద రాసి రెండు రోజులు ఎవరికీ చూపకుండా ఉంచుకోవడం మరింత మంచి ఉపాయం, ఎందుకంటే రెండు రోజుల తర్వాత చదివితే అందులో ఆటగాడి గురించి రాసింది ఎంత, జట్టును నడిపేవారి గురించి రాసింది ఎంత అన్నది తేలుతుంది.

ఆ విభజన ముఖ్యం. అభిమాని ఫిర్యాదు తరచుగా తప్పు చిరునామాకు వెళ్తుంది. ఆటగాడు అభిమానికి బాకీ లేడు. ఒప్పందం ముగిసిన ఉద్యోగి మరో సంస్థలో చేరినట్టే అతనూ చేరాడు, అంతకు మించి అతని నిర్ణయంలో అభిమానికి వాటా లేదు. యాజమాన్యం సంగతి అలా కాదు. జనంలో ఆశ పెంచి, ఆ ఆశను నమ్ముకొని టికెట్లు అమ్మి, ఉన్న తారను వదులుకొని, చివరికి ఒట్టి చేతులతో మిగిలిన యాజమాన్యాన్ని నిలదీయడం అభిమానికి ఉన్న న్యాయమైన హక్కు. నిక్స్ అభిమానుల కోపంలో సగానికి పైగా ఈ లెక్కలోనే జమ కావాలి. పోర్జింగిస్ మార్పిడి మంచి నిర్ణయమా కాదా అన్న ప్రశ్నను డ్యురాంట్ రాకపోవడంతో ముడిపెట్టకుండా, ఆ జనవరి నాటికి తెలిసిన విషయాలతోనే తూచాలి. ఫలితం తెలిశాక ముందే తెలుసన్నట్టు అనిపించే పశ్చాద్దృష్టి భ్రమ ఇటువంటి తూకాలను చెడగొడుతుంది.

ఈ భ్రమ ఓదార్పు రూపంలో కూడా వస్తుంది, అది మరింత మోసకారి. బ్రూక్లిన్‌లో డ్యురాంట్, ఇర్వింగ్‌లతో కూడిన జట్టు గెలిచిన ప్లేఆఫ్ సిరీస్ ఒక్కటే. 2021లో మిల్వాకీతో ఏడో మ్యాచ్ చివరి క్షణాల్లో డ్యురాంట్ వేసిన బుట్ట అతని బూటు మొన మూడు పాయింట్ల గీత మీద పడడం వల్ల రెండు పాయింట్లకే లెక్కకొచ్చి, మ్యాచ్ అదనపు సమయానికి పోయి చేజారింది. కోవిడ్ టీకా వేయించుకోనందున ఇర్వింగ్ మరుసటి సీజన్‌లో చాలాకాలం సొంత మైదానంలో ఆడలేకపోయాడు. 2023 ఫిబ్రవరిలో ఇద్దరూ రోజుల తేడాతో బ్రూక్లిన్ విడిచిపోయారు. ఇవన్నీ చూపించి, రాకపోవడమే మంచిదైందని నిక్స్ అభిమానులు చెప్పుకోవడం సహజం. అయితే అదే ఓదార్పును 2010 నాటి క్లీవ్‌లాండ్ అభిమానికి చెప్పి చూడాలి: జేమ్స్ వెళ్లిన మరుసటి ఏడాది ఆ జట్టు విజయాలు 61 నుంచి 19కి పడిపోయాయి, వరుసగా 26 మ్యాచ్‌లు ఓడింది. కొన్ని నష్టాలు నిజంగా నష్టాలే. అంతా మన మంచికే అన్న మాటను ముందుగానే సిద్ధం చేసుకున్న అభిమాని ఏ నష్టం ఊహలోది, ఏది నిజమైనది అని విడదీసి చూసే పనిని ఎగ్గొడుతున్నాడు.

జట్టుతో అభిమాని కలుపుకునే సర్వనామం కూడా ఒక కొలబద్ద. రాబర్ట్ సియాల్డినీ బృందం 1976లో ప్రకటించిన పరిశోధన ప్రకారం అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచినప్పుడు మేము గెలిచామని, ఓడినప్పుడు వాళ్లు ఓడారని చెప్పే ధోరణి కనబరిచారు. ఫ్రీ ఏజెంట్ విషయంలో తమాషా ఏమిటంటే, ఇక్కడ నిరాకరణకు గురైన రోజున కూడా మమ్మల్ని వద్దన్నాడు అనే అంటారు. ఆ వాక్యాన్ని జట్టు యాజమాన్యం పిలిచింది, అతను వెళ్లలేదు అని మార్చి రాసుకుంటే అవమానం చాలావరకు దిగిపోతుంది. అభిమానం దిగదు, ఎందుకంటే అది ఆ సంప్రదింపుల్లో పాల్గొననే లేదు.

క్యాప్‌లోని ఖాళీ ఎవరూ రానంత మాత్రాన ఆవిరైపోదు, దాన్ని ఎలా వాడారన్నదే తర్వాతి నెలల్లో గమనించవలసింది. నిక్స్ ఆ వేసవిలో ఎక్కువగా చిన్న ఒప్పందాలు చేసింది, వాటిలో పెద్దది జూలియస్ రాండిల్‌తో కుదిరిన మూడేళ్ల ఒప్పందం. అతని మొదటి ఏడాది నిరుత్సాహంగానే గడిచింది. రెండో ఏడాది, 2020-21లో, లీగ్‌లో అత్యధికంగా మెరుగుపడిన ఆటగాడి పురస్కారం అతనికి దక్కింది, 41 విజయాలతో నిక్స్ ప్లేఆఫ్స్ చేరింది. 2022లో జేలెన్ బ్రన్సన్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చినప్పుడు అతను గరిష్ఠ జీతపు తార కాడు, అంత ధర ఎక్కువని పెదవి విరిచినవారూ ఉన్నారు. అతని నాయకత్వంలోనే 2025లో నిక్స్ పాతికేళ్ల తర్వాత తొలిసారి తూర్పు విభాగం ఫైనల్ ఆడింది. అదే ఒప్పందాన్ని అవతలి వైపు నుంచి చూసినవారిలో డల్లాస్ శివార్లలోని ప్లేనో, ఫ్రిస్కోలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. తమ జట్టు పశ్చిమ విభాగం ఫైనల్ ఆడిన కొద్ది వారాలకే బ్రన్సన్ బదులుగా ఏమీ రాకుండా వెళ్లిపోవడం చూసిన ఆ అభిమానుల నష్టం మొదటి కాగితం మీదిది, రెండో కాగితం మీదిది కాదు. వాళ్లకు ఇచ్చే సలహా కూడా వేరుగా ఉండాలి.

సీజన్ టికెట్ల పునరుద్ధరణ లాంటి డబ్బు నిర్ణయాలను జూలై మొదటి వారంలో తీసుకోకపోవడం మేలు. అప్పుడు తీసుకునే నిర్ణయం కోపంతోనైనా ఉంటుంది, కోపాన్ని కప్పిపుచ్చుకునే మొండి విధేయతతోనైనా ఉంటుంది. గడువు అనుమతించినంత వరకు ఆగి, ఖాళీని ఎవరితో నింపారు, ఎన్నేళ్లకు బందీ అయ్యారు, డ్రాఫ్టు హక్కులు చేతిలోనే ఉన్నాయా అన్నవి చూసి, గత నాలుగైదేళ్ల యాజమాన్యపు మాటలను చేతలతో పోల్చి అప్పుడు నిర్ణయించాలి. రావడం మానేయాలనిపిస్తే మానేయవచ్చు, అది ద్రోహం కాదు. ఖాళీ కుర్చీ యజమానికి అర్థమయ్యే కొద్ది భాషల్లో ఒకటి.